మా పొటాష్ సార్

నిన్న పొద్దున ఫోన్ వచ్చినప్పుడు తోటలో అరటి గెలలు కోయిస్తున్నాను. దేవదానం సార్ పోయారని జమ్మలమడుగు నుంచి వాళ్ళ తమ్ముడు చెప్పాడు.

సరే అని పెట్టేశాను.

తర్వాత లారీ లోడింగ్ అయ్యేదాకా అక్కడే నిలబడ్డాను. ఎవరికీ చెప్పలేదు. ఎందుకు చెప్పలేదో ఇప్పటికీ తెలియదు.

సార్ ప్రొద్దుటూరులో జియాలజీ లెక్చరర్‌గా చేసి రిటైర్ అయ్యారు. వయసులో ఉన్నప్పుడు స్టూడెంట్స్‌ను వెంటేసుకుని పులివెందుల పక్క మా గుట్టకు రాళ్ళ కోసం వచ్చేవారు. ఒకసారి గులాబీ రంగు రాయి పగలగొట్టి, ఇందులో మెరిసేది ఫెల్డ్‌స్పార్ అనీ, దాంట్లో పొటాష్ ఉంటుందనీ చెప్తుంటే మా నాయన విన్నాడు.

నాయన చెవికెక్కింది పొటాష్ అన్న మాట ఒక్కటే.

గుట్టంతా పొటాష్ పెట్టుకుని అంగడికెందుకు పోవాలనుకున్నాడు. క్రషర్ నుంచి ఆ రాతిపొడి ట్రాక్టర్‌తో తోలించి అరటి మొదళ్ళలో పోయించాడు. ఆ ఏడు ఎరువు మూట కొననే లేదు.

ఆకుల అంచులు మాడిపోయాయి. గెలలు బక్కచిక్కాయి. నాయన నేరుగా కాలేజీకి పోయి క్లాసులో ఉన్న సార్‌ను బయటికి పిలిచాడు. ఆయన పాఠం ఆపేసి నాయనతో పాటే బస్సెక్కి వచ్చేశారు. ఆకు తిప్పి చూసి, నవ్వు ఆపుకుంటూ అన్నారు.

"పొటాష్ ఉండాది మామా, లేదనడంలా. రాయి దాన్ని అంత తొందరగా ఇడిసిపెట్టదు. అది మట్టయి చెట్టుకందేలోపల నీ మనవళ్ళు గూడా ముసలోళ్ళయితారు."

ఆ సాయంత్రం నాయనతో అంగడికి పోయి మూట ఎత్తించిందీ ఆయనే. అప్పటి నుంచి మా ఇంట్లో ఆయన పొటాష్ సార్.

చాలా ఏళ్ళకు సార్ కిడ్నీలు పోయాయి. డయాలిసిస్ మొదలైంది. ఆ పొటాష్‌లోని పొటాషియమే ఒంట్లో నిలిచిపోతే గుండెకు ప్రమాదమట. అది ఎక్కువుండే అరటిపండు వద్దు, టెంకాయ నీళ్ళు వద్దు అన్నారు డాక్టర్లు.

మన పక్క రోగిని చూడ్డానికి వట్టి చేతులతో పోరు కదా. మొదట్లో వచ్చినవాళ్ళంతా అవే తెచ్చేవాళ్ళు. సార్ ఎవరినీ నొప్పించకుండా తీసుకుని, చర్చి పిల్లలకు పంచమని భార్యకు, అంటే మా మేడమ్‌కు, ఇచ్చేవారు. జన్మంతా రాళ్ళలో వెతికినదాన్ని ఇప్పుడు జనమే ఇంటికి మోసుకొస్తున్నారని నవ్వేవారు.

పోయిన ఆదివారం చూడ్డానికి వెళ్ళాను. మేడమ్ లోపలికి పోగానే సార్ నా చెయ్యి పట్టుకున్నారు.

"మీ తోటదే ఒక్క పండు తెచ్చియ్యప్పా. సగమే తింటా."

నేను తేనన్నాను.

సార్ తల ఊపారు. మా పక్క వాన పడిందా అని అడిగారు.

నేను చేసింది కరెక్టే. నాకు తెలుసు. తెలిసినా నిన్నటి నుంచి ముద్ద దిగడం లేదు.

ఇవాళ సమాధి దగ్గర నుంచి వస్తూ ఈ సంగతి మేడమ్‌కు చెప్పాను. ఆమె నా వైపు తిరిగి అన్నారు.

"ఈమధ్య వచ్చినోళ్ళందర్నీ పండు అడుగుతాండె. అందరూ తెస్తామనేవాళ్ళే, నేనే అడ్డం పడుతాంటి. నువ్వు లేదన్యాక మళ్ళా ఎవర్నీ అడగలేదప్పా."

అది ఓదార్పో కాదో నాకు అర్థం కావడం లేదు. ఏడుపు కూడా రావడం లేదు.

సార్, ఇక మీకు ఏ పథ్యమూ లేదు.

నెమ్మదిగా నిద్రపోండి.