మలుపు దగ్గర మనిషిని నేను అతికించలేదు

నేను తీసిన ఫోటోలో లేని మనిషిని తెచ్చి అతికించానన్నారు. పదిమంది ముందు నా జాకెట్ వెనక్కి తీసుకున్నారు. వాట్సాప్ గ్రూపులోంచి తీసేశారు. నేను అతికించలేదు.

ఈ మాట ముందే చెప్పేశాను. ఎందుకంటే ఇలాంటి అనుభవం రాస్తున్నానంటే చదివేవాళ్ళు దయ్యం ఎక్కడ వస్తుందా అని చూస్తారు, నాకు జరిగిన అన్యాయం వెనక్కి పోతుంది. నాకు దయ్యాల మీద నమ్మకం లేదు. రావులపాలెంలో స్టూడియో పెట్టిన కొత్తల్లో శవ పంచనామాలకి పోలీసులు నన్నే పిలిచేవారు. కాలవలో తేలినవాళ్ళని తీశాను. లారీ కింద పడ్డవాళ్ళని తీశాను. రాత్రికి చీకటి గదిలో ఒక్కణ్ణే కూర్చుని, ట్రేలో మందు నీళ్ళ అడుగు నుంచి ఆ ముఖాలు ఒక్కొక్కటే తేలుతుంటే చూస్తూ టీ తాగినవాణ్ణి. వాళ్ళలో ఒక్కరు కూడా నా కల్లోకి రాలేదు.

చదువు ఏడో తరగతితో ఆగిపోయింది. ఫోటోగ్రఫీ నాకు ఎవరూ నేర్పలేదు. ఫిలిం డబ్బాలో మడత పెట్టి వచ్చే కాగితం మీద ఇంగ్లీషును కూడబలుక్కుని చదివి, తెలియని మాట పోస్టుమాస్టారిని అడిగి నేర్చుకున్నాను. అందుకేనేమో, నేర్చుకున్నది మర్చిపోలేదు. ఏ పెళ్ళిలో ఏ లెన్సు వాడానో ఇప్పటికీ చెప్పగలను.

కార్ల పందాల వైపు వచ్చింది అరవై దాటాక. రాజమండ్రిలో కార్ల పిచ్చి ఉన్నవాళ్ళు కొందరు కలిసి ఒక క్లబ్బు పెట్టుకున్నారు. పరిగెత్తేదాన్ని పట్టుకోగల చెయ్యి కావాలని వెతుకుతుంటే, ఎడ్ల పందాలు తీసినవాణ్ణని ఎవరో నా పేరు చెప్పారు. మా ఆవిడ సత్యవతి నవ్వింది. "ఇన్నాళ్ళూ పట్టుచీరలు తీశారు. ఈ వయసులో టైర్లు తీస్తారా? ఒళ్ళంతా రబ్బరు కంపు కొడుతూ వస్తే వీధరుగు మీదే పడుకోవాలి, చెబుతున్నా" అంది. నిజంగానే కంపు కొడుతూ వచ్చాను. కానీ ఆ పని నాకు నచ్చింది. పెళ్ళిలో జనం కెమెరా వంక చూస్తారు. ట్రాకు మీద నిన్ను ఎవరూ చూడరు, నువ్వే చూడాలి.

ఆ రోజు జరిగింది డ్రిఫ్టింగు. వానలో సైకిలు వెనక చక్రం జారితే మనం పడతాం. వీళ్ళు కారు వెనక చక్రాలని కావాలని జారనిచ్చి, పడకుండా, పక్కవాటుగా మలుపంతా తిప్పుతారు. కారు ముక్కు ఒకవైపు ఉంటుంది, కారు పోయేది ఇంకోవైపు. తణుకు దగ్గర హైవేకి లోపలగా ఒక వెంచర్ ఉంది. ఒకప్పుడు చెరకు తోట. ఇప్పుడు తారు రోడ్లు వేశారు, రాళ్ళు పాతారు, ఒక్క ఇల్లూ లేవలేదు. ఆ రోడ్ల మీద క్లబ్బు వాళ్ళు అనుమతి తీసుకుని డ్రమ్ములు, టైర్లు పేర్చి ట్రాకు చేశారు.

నేను ఎడమవైపు తిరిగే పెద్ద మలుపు దగ్గర, లోపలి పక్కన, టైర్ల దొంతర వెనక నిలబడ్డాను. కారు జారితే బయటి పక్కకి జారుతుంది కాబట్టి బయటి పక్క ఎవరూ ఉండకూడదు. ఇది నేను కొత్తవాళ్ళకి పదేపదే చెప్పే మాట. ఆ మలుపు దగ్గర జెండాలు పట్టుకున్న మార్షళ్ళు ఇద్దరు ఉన్నారు. అంబులెన్సు డ్రైవరు బండి మెట్టు మీద కూర్చుని ఉన్నాడు. జనం వెదురు కంచెకి అవతల, చాలా దూరంలో ఉన్నారు.

మే నెల. మధ్యాహ్నం నాలుగు. ఎండ ఇంకా తగ్గలేదు. కిరణ్ అనే రామచంద్రపురం కుర్రాడు, ముప్పై ఏళ్ళుంటాయి, తెల్ల కారుతో వచ్చాడు. నేను తొమ్మిది ఫోటోలు వరసగా తీశాను. కారు వెళ్ళిపోయింది. అప్పుడు అక్కడ ఎవరూ లేరు. నేను చూడలేదు. మార్షళ్ళు చూడలేదు. అంబులెన్సు అతను చూడలేదు.

ఒక్క సంగతి ఒప్పుకోవాలి. నాది పాతరకం కెమెరా. మీట నొక్కగానే లోపల అద్దం పైకి లేస్తుంది, కన్ను దగ్గర చీకటవుతుంది. అంటే తీసే క్షణం తప్ప ముందుదీ తర్వాతదీ కనిపిస్తాయి. తీసిన వెంటనే వెనక తెరలో చూసుకునే అలవాటు నాకు లేదు. ఫిలిం రోజుల్లో చూసుకునేవాళ్ళమా? సాయంత్రం అందరూ ఇచ్చినట్టే నేనూ కెమెరాలోని మెమరీ కార్డు తీసి క్లబ్బు డేరాలో ఇచ్చాను. వాళ్ళు కాపీ చేసుకుని నా కార్డు నాకిచ్చేశారు. అన్నం తిని పడుకున్నాను.

మూడో రోజు కార్యదర్శి ఫణి గారు ఫోను చేసి రాజమండ్రి రమ్మన్నారు. ఆయనకి టైర్ల షాపు ఉంది, దాని పై గదే క్లబ్బు ఆఫీసు. వెళ్ళేసరికి కమిటీ వాళ్ళు, కుర్ర ఫోటోగ్రాఫర్లు అందరూ ఉన్నారు. కంప్యూటర్ తెర మీద నా ఫోటో ఉంది.

"మూర్తి గారూ, ఇది మీరు తీసిందేనా అండి?"

"నాదే."

"మరి ఈయనెవరండి?"

చూశాను. కారు పక్కవాటుగా జారుతూ వస్తోంది. డ్రైవరు తలుపు ముందుకుంది. ఆ తలుపుకి చెయ్యి చాపితే అందేంత దూరంలో, ట్రాకు మధ్యలో ఒక మనిషి నిలబడి ఉన్నాడు. యాభై ఏళ్ళుంటాయి. పొట్టి చేతుల తెల్లచొక్కా, మోకాళ్ళ పైకి ఎగగట్టిన పంచె. చెప్పులు లేవు. రెండు పాదాలూ దగ్గరగా ఉన్నాయి, చేతులు వెనక్కి కట్టుకున్నాడు. కారు కిటికీలోకి చూస్తున్నాడు.

"నాకేం తెలుసండీ? మీవాళ్ళెవరో."

"మావాళ్ళు పంచె ఎగ్గట్టి ట్రాకు మధ్యలో నిలబడతారేంటండి?"

"పెద్దాయన వాకింగుకొచ్చినట్టున్నారు" అన్నాడు వెనకనుంచి ఒకడు.

"కాదెహె. మూర్తి గారు ఫోటోషాపు కూడా నేర్చేసుకున్నారు. ఆయ్, ఇక మనకి గిరాకీలుండవు" అన్నాడు ఇంకొకడు. అందరూ నవ్వారు. ఫణి గారు నవ్వలేదు. అదే నన్ను ఎక్కువ బాధపెట్టింది.

వాళ్ళు ఎందుకలా అన్నారో చెప్పాలి. రైలు పోతుంటే తల కదపకుండా చూడండి, పెట్టెలన్నీ అలుక్కుపోతాయి. ఒక కిటికీని పట్టుకుని దానితోపాటు తల తిప్పండి, ఆ కిటికీలో ముఖం తేటగా కనిపిస్తుంది, వెనక స్తంభాలు అలుక్కుపోతాయి. కారుని తీసేటప్పుడు మేము చేసేది ఇదే. పానింగ్ అంటారు. కారుతోపాటు కెమెరా తిప్పుతాం. కారు తేటగా వస్తుంది. కదలకుండా ఉన్నది ఏదైనా, చెట్టయినా డ్రమ్మయినా మనిషయినా, గీతలు గీతలుగా అలుక్కుపోయి తీరాలి. నా ఫోటోలో డ్రమ్ములు అలుక్కుపోయాయి. మార్షల్ చేతిలో జెండా అలుక్కుపోయింది. ఆ మనిషి మాత్రం చొక్కా బొత్తాలు లెక్కపెట్టుకునేంత తేటగా ఉన్నాడు.

నిలబడ్డ మనిషి అలా రాడు. కారుతో సమానంగా పోతుంటే తప్ప రాడు. పాదాలు దగ్గరపెట్టుకుని ఎవడైనా కారుతో సమానంగా ఎలా పోతాడు? కాబట్టి అతికించిందే. ఈ ఫోటో ఇంకెవరైనా తెచ్చి నాకు చూపిస్తే నేనూ అదే అనేవాణ్ణి. అదీ నా కడుపుమంట. వాళ్ళ తర్కంలో తప్పు లేదు. నేను చెయ్యలేదన్నదొక్కటే తప్పు.

"జాకెట్ ఇచ్చేసి వెళ్ళండి. కమిటీ చూసి చెబుతుంది" అన్నారు ఫణి గారు. ట్రాకు దగ్గర నిలబడటానికి ఇచ్చే నారింజరంగు జాకెట్ అది. సంచిలోంచి తీసి బల్ల మీద పెట్టాను. మడతపెట్టి పెట్టాను. అరవాలనిపించింది. అరవలేదు. ఇప్పటికీ అరవాల్సిందనే అనిపిస్తుంది.

ఇంటికొచ్చి కార్డు పెట్టి తొమ్మిదీ చూశాను. మొదటి రెండింటిలో లేడు. చివరి రెండింటిలో లేడు. మధ్య ఐదింటిలో ఉన్నాడు. కారు మలుపు తిరుగుతోంది, వెనక డ్రమ్ములు మారుతున్నాయి. తలుపుకీ అతనికీ మధ్య దూరం మాత్రం స్కేలు పెట్టి కొలిచాను, ఐదింటిలోనూ ఒక్కటే. కిరణ్ తల అతని వైపే తిరిగి ఉంది. అందులో వింత లేదు, డ్రిఫ్టింగులో కారు ఎటు జారుతోందో అటే చూస్తారు.

సత్యవతి కళ్ళజోడు పెట్టుకుని చాలాసేపు చూసింది. "నాలుగు గంటల ఎండకి తారు మీద ఉత్త కాళ్ళు" అంది. "కాలుతున్నట్టు కూడా లేదండి ఆయనకి." తర్వాత ఆ ఫోటో మళ్ళీ చూడనంది.

కార్డులో ఏమీ చెరపకుండా కవరులో పెట్టి, మీ ఇష్టమొచ్చిన నిపుణుడికి చూపించండని ఉత్తరం రాసి, క్లబ్బుకి రిజిస్టరు పోస్టులో పంపాను. ముట్టిందని రెండు ముక్కలు వచ్చాయి. నెల తర్వాత మళ్ళీ రాశాను. పరిశీలనలో ఉందన్నారు. మూడో ఉత్తరానికి జవాబు లేదు. ఫోను చేస్తే ఫణి గారు మీటింగులో ఉన్నారనేవారు. ఏ మీటింగు? టైర్ల షాపులో రోజంతా ఏం మీటింగు?

ఈలోగా నా ఫోటో ఫోనుల్లో తిరిగింది. ఆ పంచె మనిషిని కత్తిరించి సెల్ఫీల్లోనూ పుట్టినరోజు ఫోటోల్లోనూ పెట్టి నాకే పంపారు. అవి పోనివ్వండి. అసలు దెబ్బ ఇంకోచోట తగిలింది. మా ఊళ్ళో ఒక వకీలు గారు ఉన్నారు. గట్టు తగాదాలకీ, యాక్సిడెంటు కేసులకీ కోర్టులో పెట్టే ఫోటోలు ముప్పై ఏళ్ళుగా నా చేతే తీయించేవారు. ఒకరోజు ఆయన గుమాస్తా, ఇంకొక కెమెరా అతన్ని వెనకేసుకుని మా స్టూడియో ముందునుంచే వెళ్ళాడు. నేను వకీలు గారి దగ్గరికి వెళ్ళి అడిగాను.

"నాకు మీ మీద అనుమానం లేదు మూర్తి గారూ. కానీ అవతలి వకీలు లేచి, మనుషుల్ని అతికించే ఆయన తీసిన ఫోటోయేనా ఇది అని ఒక్క మాట అంటే? నా క్లయింటు మునిగిపోతాడు కదండీ."

లేచి వచ్చేశాను. నేను తీసిన ఫోటో చూసి జడ్జి గారు గట్టు ఎక్కడుందో తేల్చేవారు. చదువు లేనివాడికి అంతకంటే పెద్ద సర్టిఫికెట్టు ఏముంటుంది? అది పోయింది.

చివరికి కిరణ్ నంబరు సంపాదించి ఫోను చేశాను. ఆ రోజు అతను రెండో పరుగుకి రాలేదని, క్లచ్చు పోయిందన్నారని గుర్తొచ్చింది.

"బాబూ, ఆ మలుపు దగ్గర నీకెవరైనా కనిపించారా?"

"నాకేం గుర్తులేదండి" అన్నాడు. "నన్ను వదిలెయ్యండి మాస్టారూ, మీకు దణ్ణం పెడతాను." పెట్టేశాడు. మళ్ళీ ఎత్తలేదు.

తణుకు వెళ్ళి ఆ వెంచర్ కాపలాదారుని అడిగాను. చెరకు తోట నాటి రైతుని వెతికి అడిగాను. అక్కడ ఎవరూ చచ్చిపోలేదు, ఏ కథా లేదు. ఆ ముఖం ఎవరూ గుర్తుపట్టలేదు. నాకు కారణం దొరకలేదు. కెమెరా లోపమా అంటే, ఏ లోపమూ మనిషికి బొత్తాలు కుట్టదు. ఎండ మాయ అంటే, మాయ ఐదు ఫోటోల్లో ఒకే దూరంలో నిలబడదు. దయ్యమని నేను అనను, ఇప్పటికీ అనను. ఏమిటని అడిగితే మాత్రం చెప్పలేను.

ఆరో నెలలో ఫణి గారి సంతకంతో ఉత్తరం వచ్చింది. ఉన్నదున్నట్టు ఇక్కడ రాస్తున్నాను.

"మూర్తి గారికి నమస్కారములు. మీరు పంపిన కార్డును ఇద్దరు నిపుణులకు వేరువేరుగా చూపించాం. ఐదు ఫోటోల్లోనూ ఎక్కడా అతుకు లేదని ఇద్దరూ రాసిచ్చారు. మీపై వేసిన నిందను క్లబ్బు వెనక్కి తీసుకుంటోంది. ఈ ఉత్తరాన్ని మీరు ఎవరికైనా చూపించుకోవచ్చు. మీ జాకెట్ కొరియరులో పంపుతున్నాం. ఇంకొక సంగతి ఇన్నాళ్ళూ మీకు చెప్పకపోవడం మా తప్పు. ఆ రోజు పరుగు అవగానే కిరణ్ కారు దిగి, మలుపంతా ఎవరో పెద్దాయన తన కిటికీ పక్కనే ఉన్నాడని, కారు ఎంత జారినా ఆయన దగ్గరవలేదు, దూరమవలేదు అని మాతో చెప్పాడు. ఎండదెబ్బ అనుకున్నాం. క్లబ్బుకి చెడ్డపేరు వస్తుందని, ఆ మాట ఎవరితోనూ అనవద్దని అతనికి చెప్పింది మేమే. అప్పటికి మీ కార్డు ఇంకా మీ కెమెరాలోనే ఉంది."