పోస్టమ్మ తోలిన కొత్త కారు

హిల్కా కొత్త కారు తలుపు తీసి, సీట్లో సర్దుకుని, స్టీరింగ్ కోసం చేతులు చాపింది. అక్కడ స్టీరింగ్ లేదు. నల్లటి డాష్‌బోర్డు, దాని మీద మంచు ఆరని ఉదయం తప్ప ఏమీ లేదు.

"పోస్టమ్మా, అది నా సీటు" అన్నాడు ఆమె భర్త ఇల్పో, గుమ్మం మెట్ల మీద నుంచే. ఏ తలుపు తెరుచుకుందో చప్పుడును బట్టి పోల్చుకున్నాడు.

వాళ్ళ దేశంలో అందరి కార్లకూ స్టీరింగ్ ఎడమవైపే. పల్లెదారుల్లో ఉత్తరాలు పంచేవాళ్ళకు మాత్రం కుడివైపు. ఉత్తరాల పెట్టెలు రోడ్డు కుడి అంచున కొయ్య గుంజల మీద గుంపులు గుంపులుగా నిలబడి ఉంటాయి. కారు దిగకుండానే కిటికీలోంచి చెయ్యి చాపితే పెట్టె అందాలి. హిల్కా పెళ్ళికి ముందు మొదలుపెట్టిన పని అది. జుట్టు తెల్లబడినా ఇంకా చేస్తూనే ఉంది. ఆమె కుడి చెయ్యి ఎడమ చేతికన్నా ఒక ఛాయ ముదురు. వేసవుల ఎండంతా ఆ చేతి మీదే వాలింది, చలికాలాలన్నీ ఆ వేళ్ళ కీళ్ళలోనే దిగాయి.

ఆమె పోస్టు కారులో ఎడమవైపు సీటు పీకేసి ఉత్తరాల తొట్లు పెట్టుకుంది. అందుకని ఆమె పక్కన ఎవరూ కూర్చున్నది లేదు. సెలవు రోజుల్లో ఎక్కడికి వెళ్ళినా కారు తోలేది ఇల్పోనే. పెళ్ళయి ఇన్నేళ్ళయినా, భార్య తోలే కారులో అతను ఒక్కసారీ ఎక్కలేదు.

ఇల్పో ట్రాక్టర్లు బాగుచేసే మెకానిక్కు. వయసులో ఉన్నప్పుడు కొన్ని వేసవులు అడవి దారుల్లో ర్యాలీ పందేల్లో కార్లు తోలాడు. ఆ ప్రాంతంలో ఆగస్టు వస్తే పైన్ చెట్ల మధ్య రేసు కార్ల మోత ఎంత మామూలంటే, ఆవులు కూడా తలెత్తి చూడవు. ఆ దారుల కోసమే పుట్టినట్టున్న చిన్న కారొకటి వస్తోందని తెలిసి, రెండు వేసవుల క్రితం పేరు రాయించుకున్నాడు. మూడే సిలిండర్లు, వాటికి ఊపిరి పోసే టర్బో, నాలుగు చక్రాలూ రోడ్డును పట్టుకుని లాగే ఏర్పాటు. రాత్రి భోజనాల దగ్గర దాని గురించే చెప్పేవాడు. హిల్కా బంగాళాదుంపల తొక్క తీస్తూ వినేది. ఏమీ అర్థమయ్యేది కాదు గానీ, ఆ గొంతులోని వెచ్చదనం ఆమెకు ఇష్టం.

కారు రాకముందే ఇల్పో కళ్ళు పోయాయి. పూర్తిగా కాదు, నడిమధ్యన. ఎవరి ముఖం చూడబోయినా ముఖం ఉండాల్సిన చోట పొగ. చుట్టూ అంచుల్లో మాత్రం ఏవో మిగిలాయి, చెవి, భుజం, కిటికీ చట్రం. రెండు కళ్ళదీ అదే తీరు. ఇక బాగుపడదని డాక్టరు చెప్పిన వారంలోనే ఇల్పో తనంతట తాను వెళ్ళి లైసెన్సు ఇచ్చేసి వచ్చాడు. ఆ తర్వాత పెట్రోలు బంకు దగ్గర కాఫీకి వెళ్ళడం మానేశాడు. పాత స్నేహితులు ఇంటికొచ్చి కార్ల మాటెత్తితే రేడియో గొంతు పెంచేవాడు. రానురాను వాళ్ళూ రావడం తగ్గించారు.

నిన్న షోరూం యజమాని కూసెలా స్వయంగా కారు తెచ్చి వాకిట్లో పెట్టాడు. మొహమాటపడుతూనే చెప్పాడు. విషయం తెలిసింది, ఇంకొకాయన ఇదే కారు కోసం ఎదురుచూస్తున్నాడు, మీకు వద్దనుకుంటే ఆయన పేరు మీదికి మార్చేస్తాను, రేపు సాయంత్రంలోగా ఒక మాట చెప్పండి అన్నాడు. ఇల్పో నేల వైపు చూస్తూ మార్చేయమన్నాడు. వంటింట్లోంచి హిల్కా గొంతు వినిపించింది. "సాయంత్రమే చెబుతాం."

ఎందుకలా అన్నదో ఆమెకే తెలుసు. ఈ కారు వెళ్ళిపోతే దానితోబాటు ఇల్పోలో మిగిలిన మనిషి కూడా ఆ వాకిలి దాటి వెళ్ళిపోతాడని ఆమె భయం. అలాంటివి ఆ ఇంట్లో పైకి అనుకోరు. అందుకని రాత్రి కంబళి కప్పుతూ ఇంతే అంది. "రేపు పోస్టు లేదు. ఒక్కసారి ఎక్కి కూర్చో. తర్వాత పంపేద్దువు గాని."

ఇప్పుడు ఆమె దిగి, కారు చుట్టూ తిరిగి, ఎడమ సీట్లో కూర్చుంది. ఇల్పో కుడి సీట్లో కూర్చుని మోకాళ్ళ మీద చేతులు పెట్టుకున్నాడు. వాకిలి దాటకముందే రెండుసార్లు ఇంజను ఆగిపోయింది. గేరు మార్చాలనుకున్న ప్రతిసారీ హిల్కా ఎడమ చెయ్యి వెళ్ళి తలుపుకు కొట్టుకుంటోంది. కుడి చెయ్యేమో అక్కడ లేని కిటికీని వెతుకుతోంది. రెండు చేతులూ ఒకదాని ఇంట్లో ఒకటి దిగిన చుట్టాల్లా తడబడుతున్నాయి.

"ఎట్లా ఉంది?" అన్నాడు ఇల్పో, కంకర రోడ్డు ఎక్కాక.

"కారులా ఉంది."

"కారేనా? నేను ఆవనుకున్నాను. ఆ గేరు వేసే తీరు చూస్తే పాలు పితుకుతున్నట్టుంది."

"సీటు గట్టిగా ఉంది" అంది హిల్కా. "క్లచ్ పైకొచ్చాక గానీ అందుకోదు. ఇంకేం చెప్పాలి?"

అతను ముఖం కిటికీ వైపు తిప్పుకున్నాడు. తోలడం తప్ప తోలిన సంగతి చెప్పడం హిల్కాకు ఎప్పుడూ అవసరం పడలేదు. ఉత్తరాలు మాట్లాడవు, పెట్టెలు అడగవు. ఇతనికేమో ఇవాళ ఒక్కరోజే ఉంది. ఆ ఒక్కరోజులో ఈ కారు ఎలా ఉంటుందో ఇతనికి అందించగలిగేది తన నోరే. ఆ నోరేమో మాటల కోసం తడుముకుంటోంది.

బార్లీ చేలు కోతకొచ్చి ఉన్నాయి. రోడ్డు చేల మధ్య నుంచి మెల్లగా అడవిలోకి దిగుతోంది. మొదటి పెట్టెల గుంపు కనబడగానే హిల్కా కాలు దానంతటదే వేగం తగ్గించింది, చేతులు కారును కుడికి జరిపాయి. ఎన్నో ఏళ్ళుగా ఆమె ఒళ్ళు రోడ్డు కుడి అంచుకు మూరెడు దూరంలో కూర్చుంది. ఇప్పుడూ తన ఒళ్ళును తెచ్చి సరిగ్గా అక్కడే పెట్టబోయింది. తన కుడి పక్కన ఇంకా సగం కారు ఉందన్న సంగతి ఒంటికి తట్టలేదు.

పెట్టెలకు కాస్త ఇవతలే, కుడివైపు చక్రాలు రెండూ గడ్డి కింద దాగిన కాలువలోకి జారాయి. కారు ఒరిగింది. ఇల్పో భుజం తలుపుకు ఆనింది. పోస్టు కారయితే కథ అక్కడితో సరి, ఎవరింటికో నడిచి వెళ్ళి ట్రాక్టరు తెచ్చుకోవాలి. అలా ఎన్నిసార్లు వెళ్ళలేదని. హిల్కా కాలు తీయబోయింది.

"తీయకు" అన్నాడు ఇల్పో నెమ్మదిగా. "తొక్కే ఉంచు. ఎక్కువా వద్దు, తక్కువా వద్దు. చక్రాలు తిన్నగా పెట్టు."

ఆమె అలాగే ఉంచింది. అడుగున బురద గరగరలాడింది. ఒక్క క్షణం ఏమీ కాలేదు. అంతలో ఏదో జరిగింది. జారుతున్న చక్రాలు తమ బలాన్ని రోడ్డు మీదున్న చక్రాల చేతికి అప్పగించినట్టు, వాటిలో వెనకది మొదట నేలను పట్టింది, దాని వెంట ముందుది. కారు తడిసిన కుక్కలా ఒళ్ళు విదిల్చుకుని, అదిరిపడకుండా, రోడ్డు మీదికి ఎక్కి నిలబడింది.

ఇంజను ఏమీ ఎరగనట్టు లోలోపల గొణుక్కుంటోంది.

"నేనేం చెయ్యలేదు" అంది హిల్కా.

"నాకు తెలుసు." ఇల్పో అరచేత్తో సీటు అంచును తడుముతున్నాడు. "ఎడమ వెనక చక్రం. నా నడుముకు తెలిసింది. నీకూ తెలిసిందా?"

ఆమె ఆలోచించింది. తన నోరు తనకు మొదటిసారి సాయం వచ్చింది. "మంచులో నేను పడబోతే వెనక నుంచి ఎవరో నడుం పట్టి నిలబెట్టినట్టుంది" అంది. "ముందు నుంచి లాగడం కాదు. వెనక నుంచి."

ఇల్పో తల ఆమె వైపు తిరిగింది. తన ముఖం ఉండాల్సిన చోట అతనికి పొగే కనబడుతుందని ఆమెకు తెలుసు. అయినా సిగ్గేసింది.

అక్కడి నుంచి అతను నోరు విప్పాడు. లోపల బలాన్ని ముందుకూ వెనక్కూ పంచే పళ్ళచక్రాల సంగతి, టర్బో తిరగడం మొదలయ్యేదాకా పాత కార్లు ఎలా మొరాయించేవో, ఇదెలా మొరాయించదో చెబుతూ పోయాడు. ఆమెను మూడో గేరు వేయమన్నాడు, వినమన్నాడు. ఆమె వింది. ముందొక సన్నని ఈల. ఈల వెనకే వీపును సీటులోకి మెత్తగా ఒత్తే బరువు. కెరటం మీద కూర్చున్నట్టుంది అందామె. కెరటం తెలుసా నీకు, మనకున్నవి చెరువులేగా అన్నాడతను.

ఆ తర్వాత బర్చ్ చెట్ల మధ్య తిన్నటి దారి. అక్కడ అతను ఉన్నట్టుండి మాట ఆపేశాడు. తల తిన్నగా పెట్టుకుని కదలకుండా కూర్చున్నాడు. మళ్ళీ ఆ మౌనంలోకే జారిపోయాడేమోనని హిల్కా వేగం తగ్గించింది.

"తగ్గించకు. కాస్త తొక్కు."

ఆ రోడ్డు మీద ఎనభై దాకా వెళ్ళొచ్చని పలక ఉంది. ఆ పలకను రోజూ దాటినా, అందులో సగం వేగం కూడా ఆ రోడ్డు మీద ఆమె చూడలేదు. పెట్టె నుంచి పెట్టెకు పాకడమే ఆమె ఎరిగిన నడక. ఇప్పుడు తొక్కింది. కంకర కారు కడుపు కింద వానలా కురిసింది. స్టీరింగ్ చేతుల్లో సన్నగా, సజీవంగా వణికింది, చెరువులో గాలపు కర్రకు చేప తగిలినప్పటిలా. ముల్లు డెబ్భై దాటింది.

"చెట్లు" అన్నాడు ఇల్పో.

"ఏం చెట్లు?"

"బర్చ్‌లు. తెల్లగా పోతున్నాయి. ఇటూ అటూ." అతని గొంతు చిన్నదైపోయింది. "చూస్తున్నాను హిల్కా."

ఆ మాట అతని నోట విని ఏడాది దాటింది. ఆమెకు మొదట నమ్మకం కుదరలేదు. తర్వాత మెల్లగా అర్థమైంది. నిలబడి ఉన్న లోకంలో అతను దేన్ని చూడబోతే అది మాయమవుతుంది. పరుగెత్తే లోకంలో చూడబోనక్కర్లేదు, అంచులు వాటంతటవే వచ్చి తగులుతాయి. అతని కళ్ళలో మిగిలింది ఆ అంచులే. ఇంట్లో కుర్చీలో అవి ఎందుకూ పనికిరాలేదు. ఇక్కడ వాటి నిండా అడవి. తెల్లని కాండాలు, మధ్యలో ఎర్రటి కాయల గుత్తులు, ఒక పచ్చ ఇంటి గోడ, ఆరేసిన దుప్పటి, మళ్ళీ తెలుపు.

ఆమె కళ్ళు తడిశాయి. తుడుచుకోవడానికి చెయ్యి ఖాళీ లేదు, ఈ వేగంలో రెండు చేతులూ కావాలి. అలాగే ఉండనిచ్చింది.

"ఏడుస్తున్నావా?" అన్నాడతను.

"దుమ్ము."

"కిటికీలు మూసే ఉన్నాయిగా."

"అయితే నీ మాటల దుమ్ము. పొద్దున్నుంచీ ఆపావా?"

దారి చివర ఒంటరి పెట్టె ఒకటి వచ్చింది. హిల్కా అక్కడ ఆపింది. ఆమె దారి అంతవరకే. ఆ పెట్టెలో ఆఖరి పత్రిక వేసి, ఎదురుగా ఉన్న కట్టెల మోపుల దగ్గర కారు తిప్పుకుని, రోజూ వెనక్కి వెళ్ళిపోయేది. అప్పుడే ఫోను మోగింది. కూసెలా. సాయంత్రం కాలేదు గానీ రెండో ఆయన తొందరపడుతున్నాడట. హిల్కా ఏమీ అనకుండా ఫోను భర్త చేతిలో పెట్టి, కిటికీ అవతలికి చూస్తూ కూర్చుంది.

ఇల్పో ఫోను చెవికి పెట్టుకుని కాసేపు విన్నాడు. "ఆయనకు ఇంకోటి చూడు కూసెలా" అన్నాడు. "దీనికి డ్రైవరు కుదిరింది. గేర్లు ఇంకా రావు. మనిషి మంచిదే." అవతలి నుంచి ఏదో నవ్వు వినబడింది. ఇల్పో ఫోను పెట్టేశాడు.

హిల్కా ఎప్పటిలా కారు తిప్పబోయింది.

"ఎందుకు తిప్పడం?"

"ఇక్కడి నుంచి నాకు తెలీదు. అవతల వేరేవాళ్ళ దారి."

"నాకు తెలుసు. పద. ర్యాలీల్లో తోలిన దారే. కాస్త పోగానే దిబ్బ ఎక్కుతావు. దిబ్బ మీదికి వచ్చాక ఎదర ఏమీ కనబడదు. దిగగానే రోడ్డు ఎడమకు తిరుగుతుంది."

"కనబడకపోతే నేనెట్లా తిప్పేది?"

"అక్కడ ఎవరికీ కనబడదు. ఎంత మంచి కళ్ళున్నవాడికైనా అంతే. పక్కవాడు చెప్పాలి, తోలేవాడు నమ్మాలి."

ఆమె మొదటి గేరు వేసింది. ఈసారి చెయ్యి తడబడలేదు. రెండు, మూడు. దిబ్బ వాళ్ళ కింద నుంచి మెల్లగా పైకి లేచింది. రోడ్డు సన్నబడి, సన్నబడి, తెగిపోయింది. ఎదర ఆకాశం ఒక్కటే మిగిలింది, లేత నీలంగా, ఒక్క గీత కూడా లేకుండా. హిల్కా చేతులు ఆ ఖాళీలో ఎదురుచూశాయి.

"ఇప్పుడు" అన్నాడు ఇల్పో.

ఆమె తిప్పింది.