గడ్డి మీద గోడ

పచ్చిక మైదానంలో హ్యాండ్‌బాల్ ఆడే మిల్లు జట్టుకు ఆయన గోల్‌కీపర్. అందరూ గోడ అంటారు. ఆటకు ముందు, గోల్ ఎదుట గడ్డి చచ్చి బోడిగా మారిన చోట వంగి అరచేత్తో నేలను తడిమి చూస్తాడు. అక్కడ పడిన బంతి ఎటు లేస్తుందో చెప్పలేం. ఎదుటివాళ్ళు కావాలనే అక్కడికి విసురుతారు. అలా లేచిన బంతులు ఏళ్ళ తరబడి ఆయన ముఖానికే తగిలాయి. ముక్కు ఒక పక్కకు వాలింది. ఈమధ్య మెడను ఎడమకు తిప్పి నిలబడుతున్నాడు. "గోడకి చెవులుంటాయంటారు, మన గోడకి కళ్ళు కూడా ఉన్నాయిరా!" అని జట్టువాళ్ళు నవ్వితే ఆయనా నవ్వుతాడు. గోల్ పడితే మాత్రం నేరం గడ్డిదే: "తడిగా ఉంది, జారింది."

ఒక సాయంత్రం ఆట ముగిశాక ఆయన భార్య చిన్న కూతుర్ని వెంటబెట్టుకుని వచ్చి, సరదాగా ఎడమపక్క నుంచి బంతి విసిరింది. అది గాలిలో నెమ్మదిగా వచ్చి ఆయన చెంపకు తగిలింది. చెయ్యి లేవలేదు, రెప్ప కూడా పడలేదు.

"ఏమండీ, ఆ కన్ను కనబడట్లేదా?"

"గడ్డి తడిగా ఉందే, జారింది."

"నేలని తాకితేగా జారడానికి!"

ఆయన చుట్టూ చూశాడు. "మెల్లగా. ఎదుటివాళ్ళకి తెలిస్తే ఆదివారం ఆటలో బంతులన్నీ అటే వేస్తారు."

"ఉన్న కన్నూ పోతే మా గతేంటండీ?"

కూతురు బంతి తీసుకుని ఆయన కుడిపక్కకు నడిచి తల్లితో అంది:

"ఇటు నుంచి వెయ్యాలమ్మా. అటు నుంచి వేస్తే నాన్నకి తెలీదు."