హంస తలమీద తురాయి

నేను అక్షరాలు దిద్దింది యాభై దాటాక. తెలియనిది అడగడానికి నాకు సిగ్గు లేదు. ప్రొద్దుటూరులో మా మేడగదిలో అద్దెకున్న అమ్మాయి కంప్యూటర్ ప్రోగ్రాములు రాస్తుంది. కింద నేనొక్కణ్ణే. ఆమెతో మాట్లాడకపోతే ఆ రోజుకు నాకు మాటే లేదు.

"రాసిందే మళ్లీ రాస్తాండావు, ఏందమ్మా?"

"పద్ధతి మారుస్తాండాం తాతా. ఇన్నాళ్లూ అన్నీ ఆబ్జెక్టులు, డబ్బాల మాదిరి. ఒక్కోటి దాని సంగతులు దాని కడుపులో పెట్టుకుంటాది. మావోళ్లు ఎవురు పడితే వాళ్లు పోయి అవి మార్చేస్తారు. ఇంకోచోట యాడో చెడిపోతాది. మార్చిందెవురంటే, నేను కాదంటే నేను కాదంటారు."

"ఇప్పుడో?"

"ఫంక్షనల్ పద్ధతి. ఇచ్చినదాన్ని తాకం. దాన్ని చూసి కొత్తది చేసిస్తాం. పాతది పాతట్లే ఉంటాది."

"మార్చినప్పుడల్లా కొత్తదంటే ఇల్లు నిండిపోదా?"

"మారిన తునకే కొత్తది తాతా. మిగిలినవి పాతదానికీ కొత్తదానికీ అవే."

ఆ మాట నాకు గుచ్చుకుంది. నేనూ నా జతగాడూ పక్కపక్క మగ్గాల మీద పట్టుచీరలు నేసేవాళ్లం. ఏ వరుసలో ఏ పోగు లేవాలో బెజ్జాలు కొట్టిన అట్టలే మగ్గానికి చెబుతాయి. అంచులో హంసలకు మా ఇద్దరికీ ఒకటే అట్టల దండ. ఒకరి చీర దిగాక ఇంకొకరం ఎక్కించుకునేవాళ్లం. అతను అక్కాచెల్లెళ్ల పెళ్లికని ఒకే రకం చీరలు రెండు ఒప్పుకున్నాడు. ఒకటి నేశాక దండ నా వంతుకు వచ్చింది. నా గిరాకీ హంస తలమీద తురాయి కావాలన్నాడు. నాలుగు అట్టలు కొత్తవి కొట్టి కట్టుకుంటే సరిపోయేది. బద్ధకించి పాతవాటి మీదే కొట్టాను. దండ మళ్లీ అతని మగ్గమెక్కింది. రెండో చీర మూరెడు దిగాక గానీ తురాయి అతని కంటబడలేదు.

"నువ్వు మార్చినావా?" అని అడిగాడు.

"నేను తాకలేదు. ఎలకలు కొరికింటాయి" అన్నాను.

ఆ వారంలోనే మగ్గం విప్పుకొని జమ్మలమడుగు వెళ్లిపోయాడు. అంతటి జత నాకు మళ్లీ దొరకలేదు.

ఇదంతా విని అమ్మాయి నవ్వింది. "మా ఆఫీసులోనూ ఎలకలు శానా ఉండాయి తాతా. ఇప్పటికైనా ఆయప్పకు చెప్పినావా?"

చెప్పలేదు. మర్నాడు పొద్దున్నే బస్సెక్కాను.

అతను వాకిట్లో రాట్నం మీద కండెలు చుడుతున్నాడు. నన్ను చూసి లేవలేదు.

"ఆ బెజ్జాలు కొట్టింది నేనే మామా."

"తెలుసు."

"తెలిసీ అడిగినావా?"

"నీ నోటితో చెప్తావని అడిగినా. ఇన్నేండ్లు పట్టింది నీకు."

ఇంకేమైనా అంటాడని నిలబడ్డాను. రాట్నం తిరుగుతూనే ఉంది. కండె నిండితే తీసి, ఇంకోటి తగిలించుకున్నాడు.

"ఎండెక్కుతాంది, పోయిరాపో" అన్నాడు.

తిట్టి ఉంటే ఇంకాసేపు ఉండేవాణ్ణి.