బంగారికి పట్టిన పురుగు

మాంచెస్టర్‌లో మా అమ్మాయి తలకు పేల మందు రాస్తుంటే, ఆ ఘాటు వాసనకు లండన్ శివారు హేస్‌లో మా చిన్నప్పటి ఇంటి పెరడు గుర్తొచ్చింది.

నాకప్పుడు ఏడేళ్లు. బడిలో అంటుకున్న పేలను అమ్మ ఇంకా దువ్వి తీస్తూనే ఉంది. అంతలో నేను రోజూ ఒళ్లో కూర్చోబెట్టుకునే మా కోడి బంగారి గుడ్లు మానేసింది. తల మీది ఎర్ర తురాయి పాలిపోయింది. ఒళ్లంతా ఒకటే పొడుచుకునేది.

"దీనికి పురుగు పట్టిందే," అంది అమ్మ.

ఆ పురుగు నా తలలోంచే దానికి ఎక్కిందనుకున్నాను. బంగారిని ముట్టుకోవడం మానేశాను. అది గుమ్మం దాకా వచ్చి కొక్కొక్కోమన్నా బయటికి వెళ్లలేదు.

శనివారం వృద్ధుల కేర్ హోమ్‌లో డ్యూటీ దిగి వచ్చిన అమ్మ, యూనిఫాం మార్చుకోకుండానే గూడు కడగడానికి కూర్చుంది. బంగారిని పట్టుకోమని నన్ను పిలిచింది. నేను ఏడ్చేశాను.

"ఇట్స్ మై ఫాల్ట్, మమ్మీ. నా పేలే దానికి ఎక్కాయి."

అమ్మ నవ్వలేదు. గూటి చెక్కల సందులో తెల్ల టిష్యూ రుద్ది చూపించింది. దానిమీద ఎర్రటి చారలు, కదిలే చుక్కలు.

"వీటిని మైట్స్ అంటారు తల్లీ. ఈ సందుల్లో దాక్కుని, అది పడుకున్నాక రక్తం తాగుతాయి. నీ పేలు వేరు, ఇవి వేరు. ఎన్నాళ్ల నుంచి మనసులో పెట్టుకున్నావే ఇది?"

ఇద్దరం గూడంతా కడిగి, ఆరాక సందుల్లో పొడి మందు చల్లాం. నేను బంగారి మెడ మీద ఈకలు విడదీసి పట్టుకుంటే, పశువుల డాక్టరు ఇచ్చిన చుక్కల మందు అమ్మ వేసింది. కొన్ని వారాలకు తురాయి ఎర్రబడింది.

ఆ రోజు అమ్మ నవ్వినా తప్పు పట్టేవాళ్లు లేరు. కానీ నవ్వి ఉంటే, పెద్దయ్యాక ఆమెతో చెప్పుకున్న చాలా సంగతులు నాలోనే ఉండిపోయేవి.