క్వారీ నీళ్లలో బాపు లారీ

నిన్న అటక మీది గోనెసంచి విప్పగానే పాత రబ్బరు వాసన గుప్పుమంది. రాజేశం అన్న డైవింగ్ సూటు అది. మోకాళ్ల దగ్గర సైకిల్ ట్యూబు ముక్కలతో అతుకులు వేసి ఉంది. ఆ వాసనతో పాటే నా చెవుల్లో నా ఊపిరి చప్పుడు, కళ్ల ముందు ఆకుపచ్చని మసక వచ్చి నిలిచాయి. అన్న పోయి ఏడాదైంది. చెరువులో మునిగిన వాళ్లను పైకి తీసే మనిషిగానే చుట్టుపక్కల ఊళ్లకు ఆయన తెలుసు. ఎవరూ మునగకపోయినా ఆయన నీళ్లలోకి దిగిన రోజుల గురించి తెలిసినవాళ్లు ఇద్దరు ముగ్గురే. ఆయన తన గురించి ఒక్క ముక్కా రాసుకోలేదు. అందుకే ఇది నేను రాయాలి. ఇందులో నేను ఒప్పుకోవలసిన సంగతి కూడా ఒకటి ఉంది.

నేను కరీంనగర్ దగ్గర గ్రానైటు కోసే మిషన్ మీద పని చేస్తాను. బడి పదో తరగతితో ఆగింది, చదువు మాత్రం ఆగలేదు. సెలవు రోజంతా లైబ్రరీలోనే గడిపేవాణ్ని. లైబ్రేరియన్ సరోజన మేడం బీరువా తాళం తీసి ఇచ్చిన పుస్తకాల్లోనే సముద్రాలు చూశాను. ఒకసారి చలిదేశాల మంచినీటి సరస్సుల గురించి చదివాను. నూరేళ్ల కింద మునిగిన కొయ్య ఓడలు అక్కడ తెరచాప స్తంభాలతో సహా నిటారుగా నిలబడి ఉంటాయట. కొయ్యను తొలిచే సముద్రపు పురుగు మంచినీళ్లలో బతకదు, ఆ చలిలో కుళ్లు కూడా అంత తొందరగా పట్టదు. ఈ సంగతి టీ కొట్టు దగ్గర గొప్పగా చెబుతుంటే పక్క బెంచీ మీది మనిషి నవ్వాడు.

“పురుగు ముచ్చట మంచిగనే చెప్పినవ్ గని, గా నీళ్లెంత సల్లగుంటయో రాసిండ్రా నీ పుస్తకంల?”

“రాసిండ్రు. అడుగున నాలుగు డిగ్రీలు.”

“నాలుగు డిగ్రీలంటే పండ్లు ఎట్ల కొట్టుకుంటయో రాసిండ్రా?”

ఆయనే రాజేశం అన్న. గల్ఫ్‌లో ఓడల అడుగున పట్టిన నాచు, గుల్ల గీకే పని పదిహేనేళ్లు చేశాడు. ఒక వేసవిలో ఆయన సేటు సరదాగా అలాంటి సరస్సులోనే డైవింగుకు వెళుతూ, సామాను చూసుకోవడానికి అన్నను వెంట తీసుకుపోయాడట. ఆ రోజు నుంచి నన్ను పేరుతో పిలవలేదు, “లైబ్రరీ” అనే పిలిచాడు. నేను చదివిన ఓడను ఆయన చూసి వచ్చాడు. “మెట్లు దిగి లోపలికి పోతే బల్ల మీద పళ్లెం ఉన్నది రా లైబ్రరీ. తినుకుంట తినుకుంట ఎవలో లేచి పోయినట్టు” అని చెప్పేటప్పుడు ఆయన గొంతు తగ్గిపోయేది. “ముట్టినవా అన్నా?” అంటే, “ఎట్ల ముడ్తం? ఆళ్ల ఇంట్లకు పోయినం గదా” అన్నాడు.

అప్పుడు నాకు బాపు లారీ గుర్తొచ్చింది. బాపు అంటే మా నాన్న, మా ఊరి క్వారీలో డ్రైవరు. క్వారీ మూతపడి నీళ్లు తోడే పంపులు ఆపేసినప్పుడు ఇంజను చెడిన ఆ పాత లారీని అడుగునే వదిలేశారు. రెండు వానాకాలాల్లో అరవై అడుగుల నీళ్లు నిండాయి. తరువాత బాపు కూడా పోయాడు. ఆయనకు చదువు రాదు, అన్నిచోట్లా వేలిముద్రే. అక్క పలక మీద దిద్ది దిద్ది రెండు పేర్లు మాత్రం నేర్చుకున్నాడు, అక్క సుజాత పేరు, నా పేరు శంకర్. క్వారీలో మిగిలిన తెల్లరంగు తెచ్చి ఆ రెండింటినీ లారీ వెనక కొయ్య తలుపు మీద తానే రాశాడు. ఆయన చేతిరాత ఈ లోకంలో మరెక్కడా లేదు. అది చూడాలని ఉందని చెబితే అన్న టీ గ్లాసు పక్కన పెట్టాడు. “నేను పోయి సూసి చెప్పనా?” అన్నాడు. “లేదన్నా, నేనే సూడాలె” అన్నాను.

నాలుగు నెలలు నేర్పాడు. క్వారీ మెట్ల మీద, మెడ లోతు నీళ్లలో, నా రెండు చేతులూ తువ్వాలతో కట్టేసి ఈదమనేవాడు. “దొంగను కట్టేసినట్టు కట్టేస్తివి” అని నేను గొణిగితే, “చెయ్యే దొంగ. కాళ్లతోని పో, కండ్లతోని సూడు. అడుగున మన్ను లేసిందంటే నీ ముక్కు నీకే కనవడది” అనేవాడు. పాత వాచ్‌మెన్ సమ్మన్న గట్టు మీద తాడు పట్టుకుని మమ్మల్ని చూసి నవ్వేవాడు.

దిగిన రోజు ఎండ మండిపోతోంది. పైన నీళ్లు గోరువెచ్చగా ఉన్నాయి. కిందికి పోయిన కొద్దీ చలి మడమల నుంచి ఎక్కింది. రాతిగోడల మీద పాత డ్రిల్లు గీతలు మెల్లగా పైకి జారిపోతున్నాయి. ఊపిరి బుడగలు తప్ప చప్పుడే లేదు. అప్పుడు లారీ కనిపించింది, అలిసి పడుకున్న గేదెలాగా. కొయ్యలు కొయ్యల్లాగే ఉన్నాయి. నేను చదివింది నిజమే. వెనక తలుపు మీద సన్నని బూడిద మన్ను పరుచుకుని ఉంది. దాని కింద తెల్లగా ఏదో ఉబ్బినట్టుంది. అన్న నా పక్కనే చేతులు చంకల్లో పెట్టుకుని ఆగాడు.

క్వారీ ఊళ్లలో పుట్టినవాళ్లకు ఒక అలవాటు ఉంటుంది. కంచం గానీ, గోడ మీది క్యాలెండరు గానీ, ఏదైనా ముందు దుమ్ము తుడిచి గానీ చూడం. నా చెయ్యి నన్ను అడగలేదు. అరచేతితో ఒక్కసారి తుడిచాను. పాల మీది మీగడలాగా తెల్లరంగు చేతికి అంటుకుని వచ్చేసింది. ఒక్క క్షణం పొరలు పొరలుగా నీళ్లలో తేలింది. తరువాత మన్ను లేచి అంతా మసకైపోయింది. అన్న నా భుజం పట్టుకున్నాడు. పైకి తీయమని తాడు మూడుసార్లు లాగాడు.

గట్టెక్కి నేను ఏడుస్తుంటే ఆయన తిట్టలేదు. “పోయిన వారం దారి సూద్దామని ఒక్కన్నే దిగిన రా. అప్పుడు ముట్టకుంట పక్కకెల్లి లైటేసి సూసిన, అక్షరాలు ఉబ్బి కనవడ్డయ్. నువ్వే సూడాలంటివని చెప్పలే” అన్నాడు. తడి వేలితో ఎండకు కాలుతున్న రాతి మీద రాయడం మొదలుపెట్టాడు. అక్క పేరు పెద్దగా, కుడివైపుకు వాలి. నా పేరు దగ్గరికొచ్చేసరికి చోటు చాలక అక్షరాలు చిన్నవైపోయి కిందికి జారాయి. “బిడ్డ పేరుకే తలుపంత పట్టింది, నీకు అంచు మిగిలింది” అని నవ్వాడు. నవ్వు ముగిసేలోపు రాత ఆరిపోయింది. మళ్లీ వేలు తడిపాడు, నన్నూ పక్కన రాయమన్నాడు. నాకు చెయ్యి తిరిగేదాకా, పొద్దు వంగేదాకా, రాస్తూనే ఉన్నాడు.

ఆ సాయంత్రం జమ్మికుంటలో ఉన్న అక్క, పేర్లు కనిపించాయా అని ఫోన్ చేసింది. అన్నే ఫోన్ తీసుకున్నాడు. “ఉన్నయమ్మా. నీ పేరే ముందుగాల ఉన్నది” అన్నాడు. అక్క ఇప్పటికీ ఆ పేర్లు అక్కడే ఉన్నాయనుకుంటోంది. అక్కా, లేవు. ఇన్నేళ్లూ వాటిని నీళ్లు భద్రంగా ఉంచాయి. చెరిపేసింది నేను. ఈసారి వచ్చినప్పుడు బాపు ఎలా రాశాడో అలాగే రాసి చూపిస్తాను. ఆ వంపు నా వేళ్లలో ఉంది.

బీరువా తాళం నా కోసం తీసిన సరోజన మేడానికి, తాడు వదలని సమ్మన్నకు, ఇది చదివి నన్ను తిట్టబోయే సుజాతక్కకు నా దండాలు. రాజేశం అన్నా, నేను తుడిచిన సంగతి నువ్వు ఎవరికీ చెప్పలేదు. నీకు దండం, శనార్తి.