కంపెనీ వెనక్కి పిలిచిన బండి

మా బావ ఇంట్లో ఎవరి మాటా వినడు గానీ, బయట పుకారు మాత్రం ఇట్టే నమ్మేస్తాడు. "ఈ మోడల్ బండ్లన్నిటినీ కంపెనీ వాళ్ళు వెనక్కి పిలుస్తున్నారంట" అని తను పనిచేసే సిమెంటు ఫ్యాక్టరీలో ఎవరో అన్నారు. ఆ సాయంత్రమే తన మోటారు సైకిల్ని పెరట్లోకి తోసి, పైన పాత దుప్పటి కప్పాడు. రెండు వేల సంవత్సరం దాటిన కొత్తల్లో మాట. నేను జగ్గయ్యపేటలో అక్కా బావల ఇంట్లో ఉండి చదువుకుంటున్నాను.

"అసలెందుకు పిలుస్తున్నారో కనుక్కోవచ్చుగా బావా" అంటే నా మీద గయ్యిమన్నాడు. "కబురు రాంగానే పుట్టింటికి పంపడానికి అదేమన్నా కొత్త కోడలా?"

నేనే నందిగామ షోరూముకు ఫోన్ చేశాను. బండిని ఎవరూ లాక్కోరట. వెనక బ్రేకు లోపల ఒక ముక్క ఒక్కోసారి పట్టకుండా జారిపోతోందట, తీసుకొస్తే ఊరికే మార్చి ఇస్తారట. అది చెప్పగానే అక్క చేతిలో పని ఆపేసింది. బావ కుర్చీలో కూలబడ్డాడు.

అంతకు కొన్నేళ్ళ ముందు, అక్కను వెనక కూర్చోబెట్టుకుని వస్తూ హైవే మీద బావ ఆ బండిని పడేశాడు. అక్క కాలు విరిగింది. "బ్రేకు నొక్కా, పడలేదు" అని ఆసుపత్రిలో కనబడ్డ ప్రతివాళ్ళకూ చెప్పుకున్నాడు. ఊళ్ళో మెకానిక్ చూసి, బ్రేకు శుభ్రంగా ఉందన్నాడు. ఇంకేముంది, ఆడలేక మద్దెల ఓడన్నట్టుందని మా వాళ్ళంతా ఎకసెక్కాలాడారు. వినీ వినీ చివరికి తప్పు తనదేనని బావ కూడా నమ్మేశాడు. మళ్ళీ అక్కను బండెక్కించుకోలేదు. పెళ్ళికైనా చావుకైనా ఆమె బస్సులో, ఆయన బండి మీద. ఆమె దిగేసరికి ముందే వచ్చి బస్టాండులో నిలబడి ఉండేవాడు. చూస్తే నాకు ఒళ్ళు మండేది, జాలీ వేసేది.

నందిగామకూ అలాగే వెళ్ళాం. షోరూములో మెకానిక్ చక్రం విప్పి, పాత ముక్క తీసి పక్కన పెట్టాడు. వేలెడంత కూడా లేదు. బావ దాన్ని తిప్పి తిప్పి చూశాడు.

"బాబూ, ఒకసారి ఈ బండి మీద మేం పడ్డాం. దీనివల్లేనా?"

"ఇప్పుడెట్టా చెప్తామండీ? అయ్యుండొచ్చు, కాకపోయుండొచ్చు."

అవునని ఒక్క అబద్ధం చెబితే ఇతని సొమ్మేం పోయిందని నాకు కోపం వచ్చింది. బావ మొహం చిన్నబోయింది. పని అయ్యాక బండిని రోడ్డు మీదికి తెచ్చి స్టాండు వేసి, "బస్సొచ్చే టైమైంది, మీరెళ్ళండి" అన్నాడు.

అక్క వెళ్ళలేదు. చీర కుచ్చిళ్ళు ఎత్తి పట్టుకుని, వెనక సీటు మీద ఎక్కి కూర్చుంది.

"ఏంటది, దిగు. నీకు భయం" అన్నాడు బావ.

"భయమని నేనెప్పుడన్నా చెప్పానా మీకు? కట్టు విప్పిన రోజు ఎక్కమన్నా ఎక్కేదాన్ని. ఆ ముక్కదే తప్పని తేలక్కర్లా. మీరు అడిగితేగా!"

నడిబజార్లో, అందరూ చూస్తుండగా మా బావ ఏడ్చేశాడు. అక్క మాత్రం దిగలేదు.